కానుగ నూనెతో బండి నడుస్తుందా?

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా ఏర్పాటైన యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము నలుగురం ఒకే గూడెం వాళ్ళం. ఒకరు ఐటీఐలో డీజిల్ మెకానిక్ చదివారు, ఒకరు బడిలో సైన్సు చెబుతారు, ఇద్దరం వ్యవసాయం. నలుగురం కలిసి తయారు చేసుకున్న మాటలే ఇవి, చదివేది మాత్రం ఒకరు. తప్పులుంటే నలుగురినీ అడగండి.

ఈ బల్ల మీద మూడు సీసాలు పెట్టాం. మొదటిది కానుగ నూనె. రెండోది ఇప్ప నూనె. మూడోది, నీళ్లలా పలచగా, లేత పసుపు రంగులో ఉన్నది, కానుగ నూనెతో చేసిన బయోడీజిల్. సీసాల పక్కన గుడ్డలో చుట్టిన ఇనుప ముక్క ఒకటి ఉంది. దాని కథ తర్వాత చెబుతాం.

సాంస్కృతిక సంఘం సభలో డీజిల్ గురించి మాట్లాడటం ఏమిటని ఒక పెద్దాయన పొద్దున అడిగారు. మంచి ప్రశ్నే. కానుగ పుల్లతో పళ్ళు తోముకున్నాం, కానుగ ఆకు తొక్కి పొలానికి ఎరువు చేశాం, గజ్జి లేస్తే కానుగ నూనె రాశాం, కిరోసిన్ రాకముందు ఇప్ప నూనెతోనో కానుగ నూనెతోనో దీపం పెట్టుకున్నాం. గింజలో నూనె ఉందని, ఆ నూనె మండుతుందని మన అవ్వలకు ఎవరూ బడిలో చెప్పలేదు. ఆ దీపానికీ ఇంజనుకూ మధ్య ఎంత దూరం ఉందన్నదే ఈ రోజు మా మాట. కాబట్టి ఇది ఈ సభకు బయటి విషయం కాదనే అనుకుంటున్నాం.

పోయిన ఏడాది ఇదే సభలో ఒక తమ్ముడు ఫోన్లో వీడియో చూపించాడు. విదేశాల్లో ఒకాయన హోటల్లో వాడేసిన వంటనూనె తెచ్చి, వడగట్టి, కారు ట్యాంకులో పోసి నడిపేస్తున్నాడు. "అన్నా, మనకు అడవి నిండా కానుగ ఉంది కదా, మనమెందుకు బంకు దగ్గర వరుసలో నిలబడాలి?" అని అడిగాడు. అప్పుడు మేము సరిగా జవాబు చెప్పలేకపోయాం. చెప్పలేకపోవడానికి కారణం ఆ గుడ్డలో చుట్టిన ఇనుప ముక్కే.

ముందు ఒక సంగతి. మీలో చాలామందికి ఉన్నది మోటారు సైకిల్. అది పెట్రోల్ బండి. దానిలో ఏ చెట్టు నూనే పోయకూడదు. పెట్రోల్ ఇంజనులో ఇంధనం తేలిగ్గా ఆవిరై గాలితో కలవాలి, ఆపైన ప్లగ్ నిప్పురవ్వతో అంటుకోవాలి. నూనె అలా ఆవిరి కాదు. డీజిల్ ఇంజనులో ప్లగ్ ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే అది కాలిపోయేంత వేడెక్కుతుంది, ఆ వేడి గాలిలోకి నాజిల్ ఇంధనాన్ని తుంపరగా కొడుతుంది, దానంతట అదే అంటుకుంటుంది. అందుకే నూనెల ముచ్చటంతా ట్రాక్టర్, జీపు, డీజిల్ ఆటో, ఆయిల్ ఇంజన్, జనరేటర్, గిర్నీ వీటి గురించే. పెట్రోల్‌కు తోడుగా కలిపేది ఇథనాల్, అంటే సారాయి జాతిది. ఇప్పుడు బంకులో పోసే పెట్రోల్‌లో 20 శాతం దాకా అదే. వెనక వరుసలో ఎవరో నవ్వుతున్నారు, ఏం అడగబోతున్నారో మాకు తెలుసు. ఇప్పసారా పోస్తే నడవదు. అందులో నీళ్ళు ఎక్కువ.

డీజిల్ ఇంజనుకు చెట్టు నూనె కొత్త కాదు. 1900 సంవత్సరంలో పారిస్ నగరంలో పెద్ద ప్రపంచ ప్రదర్శన జరిగింది. అక్కడ ఫ్రాన్స్‌లోని ఆటో అనే కంపెనీ ఒక చిన్న డీజిల్ ఇంజన్‌ను వేరుశనగ నూనెతో నడిపి చూపింది. ఇంజనులో మార్పులేమీ చేయలేదు, చూసినవాళ్ళలో చాలామందికి అది పల్లీ నూనెతో నడుస్తోందన్న సంగతే తెలియలేదట. ఆ ఇంజన్‌ను కనిపెట్టిన రుడాల్ఫ్ డీజిల్ తర్వాత ఈ సంగతి రాశారు. అలా నడిపించమని అడిగింది ఫ్రెంచి ప్రభుత్వం. ఎందుకంటే ఆఫ్రికాలో వాళ్ళు ఏలుతున్న దేశాల్లో వేరుశనగ బాగా పండుతుంది, అక్కడి పంటతోనే అక్కడి యంత్రాలు నడిస్తే బొగ్గో కిరోసినో ఓడల్లో మోయనక్కరలేదు. పంట ఒకరిది, యంత్రం ఇంకొకరిది. మా మాటల్లో ఈ సంగతి మళ్ళీ వస్తుంది, గుర్తుంచుకోండి. ఆ తర్వాత భూమిలోంచి తీసే ముడి చమురు చవకగా దొరికింది, ఇంజన్ల పంపులు, నాజిళ్లు అన్నీ ఆ పలచని డీజిల్‌కు తగ్గట్టు తయారయ్యాయి. చెట్టు నూనె పక్కకు పోయింది.

ఇప్పుడు మా కథ.

మా గూడెంలో పదకొండు కుటుంబాలం కలిసి పాత ట్రాక్టర్ ఒకటి కొనుక్కున్నాం. ఆ ఏడు కానుగ బాగా కాసింది. గింజను అంగడిలో షావుకారు అడిగిన ధరకు ఇవ్వబుద్ధి కాలేదు. నూనె తీయించాం. కొంత అమ్మాం, ఇంకా రెండు డబ్బాలు మిగిలింది. ఫోన్లో వీడియోలు మేమూ చూశాం కదా. సగం డీజిల్, సగం కానుగ నూనె కలిపి పోశాం. దండారి రోజులు, ఎండ ఇంకా ఉంది. ట్రాక్టర్ చక్కగా నడిచింది. పొగ కూడా తగ్గినట్టు అనిపించింది. ఊరంతా వచ్చి వాసన చూసి పోయారు. ఒక నెల మేము పెద్ద శాస్త్రవేత్తల్లా తిరిగాం.

పుష్యమాసంలో నాగోబా జాతరకు కేస్లాపూర్ బయలుదేరాం. ట్రాలీలో ముసలివాళ్ళు, పిల్లలు, బియ్యం, గిన్నెలు. ఆ నెలలో మన దగ్గర చలి ఎట్లా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. తెల్లవారుజామున బండి స్టార్ట్ కావడానికే ముప్పావు గంట పట్టింది. ఘాటు ఎక్కుతుంటే తెల్లటి పొగ, దగ్గు, తర్వాత ఆగిపోయింది. ఫిల్టర్ విప్పితే లోపల గడ్డ పెరుగులా ఉంది. దాన్ని మార్చినా బండి లాగలేదు. ముసలివాళ్ళను దారిన పోయే వేరే బండ్లలో ఎక్కించి పంపి, మేము రాత్రంతా చలిమంట వేసుకుని ట్రాక్టర్ దగ్గర కూర్చున్నాం. మెకానిక్ వచ్చి నాజిల్ విప్పి చూపించాడు. మూతి చుట్టూ నల్లటి బొగ్గు గడ్డకట్టి పువ్వులా విచ్చుకుంది. గుడ్డలో ఉన్నది అదే. ఇంజన్ ఆయిల్ కూడా జిగురులా తయారైంది. మొత్తం 14 వేలు ఖర్చయింది. పదకొండు ఇళ్ళ డబ్బు. ఎవరూ మమ్మల్ని తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఏం తప్పు జరిగిందో ఆ తర్వాత చదివి, అడిగి తెలుసుకున్నాం. కానుగ నూనె డీజిల్ కంటే దాదాపు పది రెట్లు చిక్కన. చలిలో ఇంకా చిక్కన. చిక్కటి నూనెను నాజిల్ సన్నని తుంపరగా కొట్టలేదు, పిచికారీ రావాల్సిన చోట ధార వస్తుంది. ధారగా వచ్చింది పూర్తిగా కాలదు. కాలని నూనె కొంత నాజిల్ మూతికి బొగ్గుగా పడుతుంది, కొంత రింగుల పక్కనుంచి కిందికి జారి ఇంజన్ ఆయిల్‌లో కలిసి దాన్ని జిగురు చేస్తుంది. మొదటి నెల ఏమీ తెలియదు. నష్టం లోపల పేరుకుంటూ ఉంటుంది. బండి నడిచింది కాబట్టి బాగుందనుకోవడమే మేము చేసిన పెద్ద పొరపాటు. ఇప్ప నూనె అయితే ఇంకా కష్టం, కాస్త చల్లబడితే చాలు నెయ్యిలా పేరుకుంటుంది. కావాలంటే ఈ రెండో సీసాను పొద్దున పూట చలిలో చూడండి.

మరి ఆ వీడియోలో ఆయన కారు ఎలా నడిచింది? అలాంటి బండ్లలో మామూలుగా రెండు ట్యాంకులు ఉంటాయి. ఒకదానిలో డీజిల్, ఒకదానిలో నూనె. డీజిల్‌తో స్టార్ట్ చేస్తారు. ఇంజన్ వేడెక్కాక రేడియేటర్ వేడినీళ్లను గొట్టంతో నూనె ట్యాంకు దగ్గరకు తిప్పి నూనెను 70, 80 డిగ్రీల దాకా కాగబెడతారు. అప్పుడు అది పలచబడుతుంది, అప్పుడే మీట తిప్పి నూనె మీదకు మారుస్తారు. ఇంజన్ ఆపే ముందు మళ్ళీ డీజిల్‌కు తిప్పి, గొట్టాల్లో నూనె మిగలకుండా కడిగేస్తారు. ఇదంతా వీడియోలో రెండు నిమిషాల్లో కనిపించదు. పాతకాలపు నిదానంగా తిరిగే ఆయిల్ ఇంజన్లు నూనెను కొంత ఓర్చుకుంటాయి. కొత్త బండ్లు అస్సలు ఓర్చుకోవు. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్-6 బండ్లలో ఇంధనాన్ని చాలా ఎక్కువ ఒత్తిడితో, వెంట్రుక వాసి రంధ్రాల్లోంచి కొడతారు. అందులో పచ్చి నూనె పోయడం అంటే బాకీ తీరని బండిని చేజేతులా పాడు చేసుకోవడమే. ఫైనాన్సులో బండి తీసుకున్న తమ్ముళ్లు ఈ ఒక్క మాట రాసుకోండి.

రెండో దారి బయోడీజిల్. ఇది ఇంజన్‌ను మార్చదు, నూనెనే మారుస్తుంది. నూనె అణువును మూడు తోకలున్న జీవి అనుకోండి. తల గ్లిజరిన్, మూడు తోకలు కొవ్వు ఆమ్లాలు. ఆ మూడు తోకలు ఒకే తలకు అతుక్కుని ఉండబట్టే నూనె అంత చిక్కన. నూనెను 60 డిగ్రీల దాకా వేడి చేసి, కాస్టిక్ సోడా కరిగించిన మిథనాల్ కలిపి తిప్పితే తల ఊడిపోతుంది, ఒక్కో తోక ఒక్కో మిథనాల్‌ను పట్టుకుంటుంది. విడిపోయిన ఆ తోకలే బయోడీజిల్. గ్లిజరిన్ బరువు కాబట్టి కిందికి దిగుతుంది. సుమారు 100 లీటర్ల నూనెకు 20 లీటర్ల మిథనాల్ పడుతుంది, దాదాపు 100 లీటర్ల బయోడీజిల్ వస్తుంది. తర్వాత నీటితో కడగాలి, తేమ పూర్తిగా పోయేలా ఆరబెట్టాలి. మంచి బయోడీజిల్ దాదాపు డీజిల్ అంత పలచగా ఉంటుంది, అందులో గంధకం దాదాపు ఉండదు, పొగ తక్కువ. మంటకు అంటుకోవడానికి 100 డిగ్రీలకు పైగా వేడి కావాలి కాబట్టి నిల్వ చేయడానికి డీజిల్ కంటే భద్రం. లీటరుకు శక్తి మాత్రం డీజిల్ కంటే ఎనిమిది, పది శాతం తక్కువ. ఇంకో సంగతి, ఇది పాత ట్యాంకులో పేరుకున్న మురికినంతా కడిగేస్తుంది. మొదట్లో ఫిల్టర్ రెండుసార్లు మూసుకుపోతే కంగారు పడనక్కరలేదు. పాత రబ్బరు గొట్టాలను మాత్రం మెత్తబరుస్తుంది, మార్చుకోవాలి.

బడిలో చెప్పే మా మిత్రుడి ధైర్యంతో ఇది కూడా చేసి చూశాం. మొదటిసారి బయోడీజిల్ రాలేదు. సబ్బు వచ్చింది. నవ్వకండి, నిజంగా సబ్బే. ఎందుకంటే ఆ గింజ వానలో తడిసి, గోనెసంచుల్లో నాలుగు నెలలు మగ్గింది. తడిసి మగ్గిన గింజ నూనెలో పులుపు, అంటే విడి కొవ్వు ఆమ్లాలు, పెరుగుతాయి. రెండు శాతం దాటితే కాస్టిక్ సోడా వాటితో కలిసి సబ్బు అయిపోతుంది. అలాంటి నూనెను ముందు వేరే ఆమ్లంతో శుద్ధి చేసుకోవాలి, అది ఇంటి దగ్గర చేసే పని కాదు. మంచి బయోడీజిల్ పని ప్రయోగశాలలో మొదలు కాదు. కాయ రాలిన వెంటనే ఏరి, కొట్టి, ఎండబెట్టి, పొడి చోట పెట్టే అక్క చేతిలో మొదలవుతుంది. రెండోసారి ఎండిన కొత్త గింజతో చేశాం. ఈ మూడో సీసా అదే.

అయినా ఒక మాట గట్టిగా చెబుతున్నాం, దీన్ని మీరు ఇంట్లో చేయకండి. మిథనాల్ విషం. చూడటానికి, వాసనకు సారాయిలా ఉంటుంది. కొద్దిగా లోపలికి పోయినా కళ్ళు పోతాయి, ప్రాణం పోతుంది. కల్తీ సారా తాగి జనం చనిపోయారని పేపర్లలో వచ్చే వార్తల వెనక చాలాసార్లు ఉండేది ఇదే. దాని మంట పగటి వెలుగులో సరిగ్గా కనబడను కూడా కనబడదు. మేము చేసింది ఒక కాలేజీ ప్రయోగశాలలో, అధ్యాపకుల ఎదుట, కళ్ళద్దాలు, చేతి తొడుగులు వేసుకుని, ఒక లీటరు మాత్రమే. మన గూడేల్లో ఇళ్ళ మధ్య మిథనాల్ డ్రమ్ము పెట్టుకోవాలన్న ఆలోచన ఎవరికైనా వస్తే, దయచేసి ముందు మాతో మాట్లాడండి.

మరి ఇదంతా మనవల్ల కాదా? మన ప్రాంతంలోనే అయింది. మీలో చాలామంది పుట్టకముందు సంగతి.

బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో ఉడుపి శ్రీనివాస అనే ఆచార్యులు కానుగ నూనెను నేరుగా ఇంజన్లలో వాడటం మీద ఎన్నో ఏళ్ళు పనిచేశారు. ఆ పని ఆదిలాబాద్ అడవులకూ వచ్చింది. చల్పాడి అనే చిన్న గూడెంలో కరెంటు తీగ రాకముందే కానుగ నూనెతో జనరేటర్ నడిపి ఇళ్ళకు దీపాలు వెలిగించారు. బయోడీజిల్ కాదు, వడగట్టిన నూనే. జనరేటర్ కాబట్టి కుదిరింది. అది ఒకే చోట ఉంటుంది, ఒకే వేగంతో తిరుగుతుంది, ఘాట్లు ఎక్కదు. మా ట్రాక్టర్‌కు లేని సుఖం అది.

ఇంకోటి జైనూర్ మండలం పవర్‌గూడ. గోండు గూడెం. అక్కడి మహిళా సంఘాలు ఐటీడీఏ ఇచ్చిన నూనె మిల్లును తామే నడిపారు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ సంస్థ వాళ్ళు తోడుగా ఉన్నారు. కానుగ మొక్కలు నాటారు, గింజ కొన్నారు, ఆడారు, నూనె అమ్మారు. 2003 అక్టోబరులో ప్రపంచ బ్యాంకు ఆ మహిళలకు 645 డాలర్లు చెల్లించింది. అప్పటి లెక్కలో దాదాపు 29 వేల రూపాయలు. దేనికంటే, వాషింగ్టన్‌లో జరిగిన ఒక సమావేశం వల్ల గాలిలో కలిసిన బొగ్గుపులుసు వాయువుకు బదులుగా. పవర్‌గూడ వాళ్ళు పదేళ్లలో 51 టన్నుల కానుగ నూనెను డీజిల్ స్థానంలోకి తెస్తే 147 టన్నుల బొగ్గుపులుసు వాయువు తగ్గుతుందని లెక్క కట్టారు. ఆ డబ్బుతో మహిళలు కానుగ నర్సరీ వేశారు. అప్పట్లో దేశమంతా ఈ గూడెం పేరు రాశారు. మన పిల్లలను అడిగితే పవర్‌గూడ ఎక్కడుందో చెప్పలేరు. అందుకే ఇక్కడ చెబుతున్నాం.

అయితే ఆ 645 డాలర్ల కంటే మాకు ముఖ్యంగా అనిపించింది మిల్లు. గింజగా అమ్మితే ఒక ధర. ఆడితే నూనె మన దగ్గరే, చెక్క కూడా మన దగ్గరే. నాలుగు కిలోల కానుగ గింజ ఆడితే సుమారు ఒక లీటరు నూనె వస్తుంది, మూడు కిలోల చెక్క మిగులుతుంది. ఆ చెక్కలో నత్రజని బాగా ఉంటుంది, పత్తికీ వరికీ మంచి ఎరువు, చేనులో పురుగులూ తగ్గుతాయి. పశువులకు మాత్రం పెట్టకూడదు, చేదు, విషం. గింజను షావుకారుకు అమ్మినప్పుడు ఆ మూడు కిలోల ఎరువును కూడా ఊరికే ఇచ్చేస్తున్నామన్న సంగతి మాకు చాలా కాలం తట్టలేదు. అదే షావుకారు దుకాణంలో యూరియా బస్తా కొని ఇంటికి మోసుకొచ్చేవాళ్ళం.

ఇప్పుడు లెక్క చూద్దాం. చదువుకున్న మీరు దీన్ని తప్పకుండా చేయాలి. ఒక మోస్తరు కానుగ చెట్టు ఏడాదికి 20 కిలోల గింజ ఇస్తుందనుకుందాం. పెద్ద చెట్లు ఇంకా ఎక్కువే ఇస్తాయి, కానీ మొక్క నాటిన ఐదారేళ్ళ దాకా ఏమీ రాదు. 20 కిలోలంటే ఐదు లీటర్ల నూనె. రోజుకు మూడు లీటర్ల డీజిల్ తాగే ఆటో ఏడాదికి దాదాపు వెయ్యి లీటర్లు తాగుతుంది. అంటే ఒక్క ఆటోకు 200 చెట్లు. ఒక మండలంలో ఎన్ని ఆటోలు, ఎన్ని జీపులు, ఎన్ని ట్రాక్టర్లు? అన్నిటినీ అడవి నూనెతో నడుపుతామనే వాళ్ళను నమ్మకండి. అదే లెక్కను వేరేగా చూడండి. ఐదు గుర్రాల ఆయిల్ ఇంజన్ గంటకు సుమారు ఒక లీటరు తాగుతుంది. ఏడాదిలో 200 గంటలు నీళ్ళు తోడాలంటే 200 లీటర్లు, 40 చెట్లు. 40 చెట్లు మన వాగు గట్టు మీదే ఉంటాయి. కాబట్టి మా అభిప్రాయం ఇదీ: కానుగ నూనెకు తగిన చోటు మన రోడ్డు మీద బండి కాదు. గూడెంలో కదలకుండా ఉండే పంపు, గిర్నీ, జనరేటర్. బండిలో పోయాలంటే పద్ధతిగా తయారై, ఐఎస్ 15607 అనే ప్రమాణానికి సరిపోయిన బయోడీజిల్‌నే, కొద్ది శాతం కలిపి పోయాలి. రైలింజన్‌నే అలా నడిపారు. 2002 డిసెంబరు 31న అమృత్‌సర్ శతాబ్ది ఎక్స్‌ప్రెస్‌ను ఐదు శాతం బయోడీజిల్ కలిపి నడిపి చూశారు.

మామూలు వంటనూనెల మాట అడుగుతారేమో. పొద్దుతిరుగుడు, పల్లీ నూనెలు ఈ రోజు లీటరు ధర డీజిల్ కంటే ఎక్కువ. మన దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా బయటి దేశాల నుంచే కొంటున్నాం. కూరలో పోసుకోవాల్సింది ట్యాంకులో పోయడం మనకు ఒప్పదు. వాడేసిన నూనె సంగతి వేరు. మళ్ళీ మళ్ళీ కాచిన నూనెలో చెడు పదార్థాలు 25 శాతం దాటితే వంటకు వాడకూడదని 2018 నుంచి నిబంధన ఉంది, అలాంటి నూనెను సేకరించి బయోడీజిల్ చేసే పని నగరాల్లో జరుగుతోంది. హైదరాబాదులో చదువుతున్న తమ్ముళ్లు ఆ యూనిట్లు ఎలా పనిచేస్తాయో చూసి రండి. అక్కడ ఉద్యోగాలూ ఉన్నాయి. నల్లగా మాడిన నూనె మళ్ళీ మన అంగడి బజ్జీల బండికి రాకుండా ఉంటే అదీ మేలే.

ఇంకొక చేదు ముచ్చట చెప్పాలి. 2003లో ప్రణాళికా సంఘం కమిటీ ఒకటి దేశమంతా బంజరు భూముల్లో జట్రోఫా, అంటే అడవి ఆముదం, వేయాలని సూచించింది. లక్షల ఎకరాలు, కోట్ల మొక్కలు. మా ప్రాంతానికి కూడా ఒక కంపెనీ వాళ్ళు జీపులో వచ్చి మొక్కలు పంచారు. నీళ్ళు అక్కర్లేదు, ఎరువు అక్కర్లేదు, మేకలు తినవు, గింజ మేమే కొంటామన్నారు. మేకలు తినవన్నది ఒక్కటే నిజమైంది. నీళ్ళు లేకపోతే మొక్క బతికింది, కాయ కాయలేదు. కాసిన కొద్ది గింజ కొనడానికి ఆ జీపు మళ్ళీ రాలేదు. దేశంలో చాలా చోట్ల ఇదే జరిగింది. 2009 జీవ ఇంధన విధానం 2017 నాటికి 20 శాతం కలపాలని రాసుకుంది, దాని దరిదాపుల్లోకి కూడా రాలేదు. 2018 విధానం బయోడీజిల్ లక్ష్యాన్ని 2030 నాటికి ఐదు శాతానికి దించింది. కాగితం మీద బంజరు అని రాసిన భూమి మనకు పశువుల మేత, పోడు చేను, గడ్డలూ ఆకుకూరలూ తవ్వుకునే చోటు. ఆ ఏడు మేము రెండు ఎకరాల జొన్న వదులుకుని ఆ మొక్కలు నాటాం. పారిస్ ప్రదర్శన సంగతి గుర్తుంచుకోమన్నాం కదా. పంట మనది, యంత్రం, ధర, లెక్కల పుస్తకం ఇంకొకరివి అయినప్పుడు ఏమవుతుందో ఆ రెండు ఎకరాల్లో చూశాం.

అందుకే ఈసారి ఎవరైనా కానుగ మొక్కలతో వస్తే అడగాల్సినవి అడగండి. ఎవరి భూమిలో? మిల్లు ఎక్కడ? చెక్క ఎవరికి? కొనుగోలు కాగితం మీద ఉందా? జొన్న, కంది వేసే చేనులో వద్దు. వాగు గట్లు, చెలక హద్దులు, బడి ఆవరణ, రోడ్డు పక్క చాలు. కానుగ పప్పుజాతి చెట్టు, నేలకు మేలే చేస్తుంది. 2006 అటవీ హక్కుల చట్టం చిన్న అటవీ ఉత్పత్తుల మీద సేకరించే, వాడుకునే, అమ్ముకునే హక్కు మనకు ఇచ్చింది. కానుగ గింజ, ఇప్ప గింజ రెండూ కేంద్రం మద్దతు ధర ప్రకటించే అటవీ ఉత్పత్తుల జాబితాలో ఉన్నాయి. ఆ ధర ఎంతో తెలియకుండా అంగడికి సంచి మోసుకుపోయే అవ్వ పక్కన ఫోన్ పట్టుకుని ఒక మనవడు నిలబడితే షావుకారు తూకం కూడా కొంచెం సరిగ్గా ఉంటుంది. ఇది మేము చూసి చెబుతున్న మాట.

మా గూడెంలో ఇప్పుడు చిన్న ఎక్స్‌పెల్లర్ ఒకటి ఉంది, పదిహేను మంది అక్కలు నడుపుతున్నారు. పోయిన ఎండాకాలం రాలిన కాయ ఏరి, కొట్టి, రెండు ఎండలు బాగా ఎండబెట్టాం. సంచులను నేల మీద కాకుండా చెక్క బల్లల మీద పెట్టాం. నూనెలో ఎక్కువ భాగం సబ్బుల తయారీదారులకు, వేప నూనెతో కలిపి చేలకు పిచికారీ చేసుకునే రైతులకు పోయింది. నిజం చెప్పాలంటే ఇంధనంగా కాల్చడం కంటే అలా అమ్మితేనే ఎక్కువ వచ్చింది. చెక్క మా చేలకే సరిపోలేదు. నూనె కొంచెం పక్కన పెట్టి, రోజుల తరబడి తేర్చి, గుడ్డలో రెండుసార్లు వడగట్టి, పాత ఆయిల్ ఇంజన్‌లో వాడి చూస్తున్నాం. డీజిల్‌తో స్టార్ట్ చేస్తాం, నూనె గొట్టాన్ని సైలెన్సర్ పక్కనుంచి చుట్టి వేడెక్కిస్తాం, ఆపే ముందు పావుగంట మళ్ళీ డీజిల్. ఇంజన్ ఆయిల్ మామూలు కంటే సగం గంటలకే మారుస్తున్నాం. నాజిల్ నెలకోసారి విప్పి చూసి, ఒక నోటు పుస్తకంలో రాస్తున్నాం: ఎన్ని గంటలు, ఎంత నూనె, బొగ్గు ఎంత. ఇప్పటికి 90 గంటలు అయింది. నాజిల్ మీద కొద్దిగా నలుపు ఉంది, పువ్వు మాత్రం విచ్చుకోలేదు. చలికాలం దాటితే గాని ఏమీ చెప్పలేం.

ఆ పుస్తకం రాయడానికి మాకు మనుషులు కావాలి. ఐటీఐలో, డిప్లొమాలో ఉన్నవాళ్ళు, కెమిస్ట్రీ చదివే చెల్లెళ్లు పండక్కి ఊరికి వచ్చినప్పుడు రెండు రోజులు మా దగ్గర ఉండండి. నూనెలో పులుపు ఎంతో కొలిచే పరీక్ష కాలేజీ ల్యాబులో చేసి ఇస్తే మాకు అదే పెద్ద సాయం. గింజ తెచ్చే ప్రతి సంచికీ ఆ లెక్క ఉంటే కొనేవాళ్ళ దగ్గర మన మాట చెల్లుతుంది. ఆడే రోజుల్లో వస్తే భోజనం మాది.

ఇంకా ప్రశ్నలుంటే భోజనాల తర్వాత ఆ వేపచెట్టు కింద కూర్చుంటాం. నాజిల్ అక్కడికే తెస్తాం, చేత్తో పట్టుకుని చూడండి. మూడో సీసా మూత మాత్రం ఎవరూ తీయొద్దు.

జై సేవా.